బొట్టు పెట్టిన రాడ్

సూరత్ సిటీ బస్సులో, నా కారు ఇంజన్‌లో విరిగిన కనెక్టింగ్ రాడ్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వేగం కోసం టర్బో ప్రెషర్ పెంచి దాన్ని విరగ్గొట్టింది నేనే. ఇప్పుడు గట్టి రాడ్లు కొంటే పిస్టన్లకు డబ్బుల్లేవు, పిస్టన్లు కొంటే రాడ్లకు లేవు. ఏది పాతది ఉంచినా అదీ పోతుందని మెకానిక్ ఫోన్లో తేల్చేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

నా తెలుగు విని, మరమగ్గాల పనినుంచి వస్తున్న ఒక పెద్దమ్మ రాడ్‌ను చేతిలోకి తీసుకుంది. కొంగుముడిలోని కుంకుమ దానికి అద్దింది.

"మా సాంచా మగ్గంల ఏదన్న ఇరిగితే, బొట్టు పెట్టినంకనే పాత ఇనుముల ఏస్తం. గిది ఇరిగి నిన్ను ఆపింది బిడ్డా. గింతకన్న గట్టిది ఏస్తే నిన్నేది ఆపుతది?"

గట్టి రాడ్లే వేయించాను. పాత పిస్టన్లు ఇంకా పోలేదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కడానికి నా కాలే రావడం లేదు.