బల్ల మీద ఎనిమిదో ఫొటో

సోంపు వేగే వాసన తగిలితే ఇప్పటికీ నా చేతిలో పని ఆగిపోతుంది. నిన్న ఇక్కడ బర్మాలో, చిమిండైంగ్ బజారులో, కొలతల టేపు పట్టుకుని, ఓ దుకాణం ముందు అలాగే నిలబడిపోయాను.

నా చిన్నప్పుడు సంచౌంగ్‌లో మేముండే మేడ పై వాటాలో మార్తా అనే పంతులమ్మ అద్దెకుండేది. బర్మీస్‌లో సయామ అని పిలిచేవాళ్లం. అమెరికాలో న్యూమెక్సికో ఆమెది. అమెరికా అక్కడికి రాకముందే, ఎన్నో తరాల కిందట, స్పెయిన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల సంతతి. వాళ్ల అవ్వ మాట్లాడే స్పానిష్ తనకు అర్థమవుతుంది గాని తిరిగి మాట్లాడలేనని నవ్వేది. మా వీధి పిల్లల తెలుగూ అంతే. సయామ గుమ్మానికి ఎండుమిరపకాయల దండ చూసి నాన్నమ్మ, "దిష్టికేటో అడగరా" అంది. నేను బర్మీస్‌లో అడిగాను. కాదట, కూరకట.

వానలు వెనకబట్టి గోడల బూజు ఆరిన నవంబరు మొదట్లో, ఓ సాయంత్రం, సయామ బల్ల మీద తెల్లగుడ్డ పరిచి బంతిపూల దండలు, నాలుగు కొవ్వొత్తులు, గ్లాసుడు నీళ్లు, చిటికెడు ఉప్పు, సోంపు బిస్కెట్లు, పోయిన తనవాళ్ల ఫొటోలు ఏడు వరసగా పెట్టింది. "ఈ పూట అందరూ ఇంటికొస్తారు" అంది.

అప్పటికి రెండు నెలలుగా, ఓడ ఇంజను గదిలో పనిచేసే నాన్న దగ్గర్నుంచి ఫోను లేదు. పోయినవాళ్లే రాగలిగితే బతికున్న నాన్నకెంత తేలిక అని లెక్క వేశాను. ఆమె వంటగదిలో ఉండగా మా ఇంట్లోంచి నాన్న ఫొటో తెచ్చి, ఎనిమిదోదిగా నిలబెట్టి, దండ వేశాను.

నన్ను వెతుక్కుంటూ వచ్చిన నాన్నమ్మ గుమ్మంలోనే బిగుసుకుపోయింది.

"ఓరి సచ్చినోడా! బతికున్నోడికి దండేస్తావేట్రా!"

ఫొటో తీయబోయి, దండలో ఉన్న కొడుకు మొహం చూడలేక కళ్లు మూసుకుంది. నన్ను కిందికి ఈడ్చుకొచ్చింది. తర్వాత దాన్ని తేవడానికి ఎవరూ పైకి వెళ్లలేదు.

మూడు వారాలకు నాన్న వచ్చాడు, సగమై. ఓడలో జ్వరం పట్టుకుందట.

"ఓ సాయంత్రం మన మెట్లెక్కినట్టు కలమ్మా. పైనేదో బల్ల. ఏడుగురు కూకున్నారు, ఒక్కరూ ఎరికైనోలు కాదు. జరిగి నాకూ సోటిచ్చారు."

నాన్నమ్మ గరిటె గాల్లో ఆగింది.

"తిన్నావేట్రా?"

"ఆకలేసింది గదా. తిన్నాను."

ఫొటోల లెక్క నేనెవరికీ చెప్పలేదు.

ఏడాది తిరక్కుండా సయామ తన దేశం వెళ్లిపోయింది. నాన్న ఫొటో మళ్లీ కనబడలేదు. ఆమె పెట్టెలోనే వెళ్లి ఉంటుంది. నాన్నమ్మ ఇప్పుడు లేదు. ఆ మేడ కొట్టేసి పన్నెండంతస్తులు లేపారు. అరిగిన చెక్క మెట్లూ, చెమ్మ గోడలూ, మా పక్కవాటాల తెలుగు పిలుపులూ పోయాయి. నాన్న మాత్రం గట్టిగానే ఉన్నాడు. ఏటా నవంబరు మొదట్లో ఒక్క పూట, అమ్మ వడ్డించబోతే, కంచం పక్కకు జరుపుతాడు.

"ఒద్దే. ఇప్పుడే తిన్నట్టుంది."