నివాసేతరం

వంటింట్లో అల్మారా చేయడానికి వచ్చిన వడ్రంగి గోడ కొలిచి స్టీలు టేపు వదిలేశాడు. అది సర్రున వెనక్కి పోయి టక్కుమని డబ్బాలో పడింది. ఆ చప్పుడు వింటే ఇప్పటికీ నా వీపు నిటారవుతుంది. విజయనగరం మున్సిపల్ ఆఫీసులో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా చేసిన సింహాచలం గారు పక్కనే నిలబడి తప్పు పట్టుకోబోతున్నారనిపిస్తుంది. ఆయన పోయి మూడేళ్లయింది. ఆయన కింద నేను పనిచేసింది రెండేళ్లే. ఆస్తి పన్ను కోసం ఇళ్లు కొలవడం మా పని. పొట్టి మనిషి, మాట తక్కువ, వెటకారం ఎక్కువ. ఎవరినైనా మెచ్చుకుంటే చేతిలోది ఊడిపోతుందన్నట్టు ఉండేవారు. మొదట్లో నాకు ఆయనంటే ఒళ్లు మంట.

ఆ రోజుల్లో ఊరి బయట ఒక మందుల కంపెనీ వచ్చింది. తన పన్నుల్లో ప్రభుత్వం దగ్గర రాయితీ తెచ్చుకున్న ఆ కంపెనీ, ఇంజినీర్ల కోసం ఊళ్లో ఇళ్లు అద్దెకు పుచ్చుకుంది. చూస్తుండగానే టు-లెట్ బోర్డుల కింద ‘కంపెనీలకు మాత్రమే’ అన్న మాట వచ్చి చేరింది. గెస్టుహౌసులు నడుపుతూ మామూలు కాపురాల పన్ను కడుతున్న ఇళ్లను వెతికి, వ్యాపారపు పన్ను కిందికి మార్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేను హుషారుగా బయల్దేరాను. కంపెనీ ముక్కు పిండుతున్నానని లోపల గర్వం కూడా. కోట వెనక వీధిలో ఒక మేడ ముందు వాచ్‌మన్ ఉన్నాడు, ప్రతి కిటికీకీ ఏసీ ఉంది. మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. పెరటి వైపు లోపలికి వెళ్లలేదు, సందులోంచే గోడ కొలిచాను. మొత్తం మేడకి ‘నివాసేతరం’ అని రాసి వచ్చేశాను.

సింహాచలం గారికి రోజూ పొద్దున్నే గంటస్తంభం దగ్గర పైడమ్మ అమ్మే చోడి అంబలి, అంటే రాగి జావ, తాగడం అలవాటు. ఒక వారం ఆవిడ కనబడలేదు. ఆయనే వాకబు చేసి, నాకేమీ చెప్పకుండా స్కూటరెక్కించి ఆర్టీసీ కాంప్లెక్సుకి తీసుకెళ్లారు. ప్రయాణికుల బెంచీ పక్కన రెండు డేగిశాలు, ఒక బట్టల మూట, వాటి మధ్య పైడమ్మ. నేను కొలిచిన మేడ పెరట్లో ఒంటిగదిలో ఆవిడ అద్దెకుండేదట. కొత్త పన్ను నోటీసు అందగానే ఇంటాయన, ఆ పెరిగిన భారమంతా నువ్వే మొయ్యి, లేదా ఖాళీ చెయ్యి అన్నాడట. పన్నులన్నీ ఇంటాయనవేనని కంపెనీ ముందే కాగితం రాయించుకుంది.

“కంపెనీవోల్నడిగితే ఇంకో ఇంటికి ఎలిపోతారంట బాబూ. నన్నయితే ఎలిపొమ్మంటే సాలు కదా,” అంది పైడమ్మ.

తిరిగిన చోటల్లా గది లేదన్నారట. పొయ్యి పెట్టడానికి చోటు లేక అంబలి కాయడం మానేసింది. ఆయన నా వైపు తిరిగారు.

“నివాసేతరం అంటే ఏటమ్మా?”

“మనుషులు కాపురముండని కట్టడం సార్.”

“మరి ఈవిడ పదకొండేళ్లు అక్కడేటి సేసినాది?”

తల కొట్టేసినట్టయింది. ఆ పూటే ఇద్దరం ఆ మేడకి వెళ్లాం. ఆ గదిని విడదీసి రాసి, దాని మేరకు పన్ను తగ్గించి, ఆవిడని మళ్లీ ఉండనివ్వమని అడుగుదామని ఆయన ఆలోచన. తలుపు తీస్తే లోపల కంపెనీ వాళ్ల మంచినీళ్ల టిన్నులు వరుసగా పేర్చి ఉన్నాయి. పొయ్యి మసి మీద సగం దాకా సున్నం వేశారు. ఇంటాయన మర్యాదగా, మీరు రాసిందే కదండీ అన్నాడు. సింహాచలం గారు టేపు జేబులో పెట్టుకున్నారు. నువ్వు రాసింది ఇప్పుడు నిజమైపోనాది అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

పైడమ్మ నరసన్నపేటలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఒక ఆదివారం ఆయన నన్ను బస్సెక్కించి అక్కడికీ తీసుకెళ్లారు. పశువుల పాకలో ఒక వార ఆవిడ మంచం. ఎరువుల అప్పే తీరలేదు, పైన ఇంకో మనిషి తిండి కూడానా అని చెల్లెలి మొగుడు రోజూ సణుగుతున్నాడట. నేను క్షమించమని అడిగాను.

“కంపెనీకని ఇసిరినారు, నాకొచ్చి తగిలినాది. నాను మీకు కనపడనేదు, అంతే,” అంది. కోపంగా కాదు, ఉన్నదున్నట్టు చెప్పింది. తిరుగు బస్సులో ఎందుకొచ్చాం సార్ అని అడిగితే, పన్ను ఏసినోలు ఆ పన్ను ఎక్కడ పడ్డాదో సూడాల కదా అన్నారు.

ఇప్పుడు ఆయన కుర్చీలో నేనున్నాను. కంపెనీల మీద పన్ను వేయడం తప్పనుకోను, వేస్తూనే ఉన్నాను. పెరటి గుమ్మం తట్టకుండా మాత్రం ఏ ఇల్లూ రాయను. పోయిన నెల ఒక గెస్టుహౌసు వెనక ఇస్త్రీ చేసుకునే కుటుంబం ఉంటే, వాళ్ల గదిని నివాసమనే రాశాను. ఈసారి తప్పేమీ లేదు. అయినా మిగతా ఇంటికి పన్ను పెరిగిందని ఇంటాయన వాళ్లని ఖాళీ చేయించాడు. వాళ్లెక్కడికి పోయారో కనుక్కోవడం నా ఉద్యోగంలో భాగం కాదు. ఈ ఆదివారం వెతకడానికి వెళ్తున్నాను.