చిన్నమ్మ బిళ్ల

నన్ను కన్న వారంలోనే మా అమ్మ పోయింది. ఫోటో లేదు. ఎట్లా ఉండేదని అడిగితే ఒకరు కోలమొహం అనేవారు, ఇంకొకరు గుండ్రం అనేవారు. నాకు చివరికి మిగిలింది చిన్నమ్మ మెడలోని వెండి బిళ్ల.

చిన్నమ్మ అంటే మా బాపు రెండో భార్య. మాది కొల్లాపూర్ వైపు. ఇప్పుడు జిల్లా పేరు మారింది గాని మేం పాలమూరోళ్లమే. మాలో మొదటి భార్య చనిపోతే, ఆమె పేరు మీద చిన్న బిళ్ల చేయించి రెండో ఆమె మెడలో కడతారు. దాని మీద ఒక ఆడమనిషి బొమ్మ ఉంటుంది, కళ్లూ ముక్కూ ఉత్త చుక్కలే. కొత్త చీర ఏదైనా చిన్నమ్మ ముందు దానికి తాకించేది. "అక్కా, చీరె తెచ్చిండు, చూడు" అనేది. నేను పొరపాటున ఆమెను అమ్మా అని పిలిస్తే, "నేను చిన్నమ్మను. అమ్మ గీడున్నది" అని బిళ్ల చూపించేది. నేనూ నమ్మాను. వేరే పిల్లల అమ్మలకు కాళ్లూ చేతులూ ఉంటాయి, మా అమ్మ మెడలో ఉంటుంది, అంతే అనుకున్నాను.

చిన్నమ్మకు పిల్లలు కాలేదు. బాపు పోయినప్పుడు పుస్తె తీయనిచ్చింది గాని బిళ్ల ముట్టనివ్వలేదు. నల్లదారానికి కట్టుకుని నల్గొండలో నా దగ్గరికే వచ్చేసింది. నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు రోజుకో జవాబు చెప్పి పంపడం నాకు సరదా.

ఒకసారి ట్రైనింగ్‌లో ఒక డాక్టరమ్మ చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు తల్లి కణాలు కొన్ని మాయ దాటి బిడ్డలోకి పోతాయట. బిడ్డ పెద్దయ్యాక కూడా కొన్ని ఆ ఒంట్లోనే ఏళ్లకేళ్లు బతుకుతాయట. పక్కన కూర్చున్న మేడములు చాయ్ ఎప్పుడొస్తుందా అని తలుపు వైపు చూస్తున్నారు. నేను నా చేతులు చూసుకుంటూ కూర్చున్నాను. బస్సులో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ఇంట్లో చిన్నమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. విన్నదంతా చెప్పాను.

"అంటే అక్క నీల ఉన్నదా?"

"కొంచెం. కంటికి కనపడదు."

"గట్లనా! ఇన్నేండ్లు ఉత్త వెండికే చీరెలు చూపెట్టిన్నా?" అని నవ్వింది. కాసేపు చిక్కుడుకాయలు ఒలిచింది. తర్వాత తల ఎత్తకుండానే అడిగింది.

"మరి నాయి ఏమన్న వొయినయా బిడ్డా, నీలకు? సంకల ఏస్కొని తిరిగితి గద. నా ఎంగిలి తింటివి గద."

క్లాసులో ఎవరైనా అడిగితే ఒక్క ముక్కలో చెప్పేదాన్ని. అక్కడ మాత్రం చాటలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలవడం మొదలుపెట్టాను. ఆమే నా మొహం చూసి, "పోవులే" అని లేచి పొయ్యి ముట్టించింది.

పోయిన ఎండాకాలం చిన్నమ్మ పోయింది. ఊరికి తీసుకుపోయాం. మీ అమ్మ బిళ్ల, నువ్వు ఉంచుకో అన్నారు పెద్దలు. వద్దన్నాను. నా ఒంట్లో అమ్మ ఉంది, మరి చిన్నమ్మకు తోడెవరు? బిళ్లతోనే మట్టి చేశాం.

తిరిగొచ్చాక ఇల్లు మీద పడ్డట్టయింది. అలవాటుగా ఇద్దరికి బియ్యం తీసి, సగం మళ్లీ డబ్బాలో పోసేదాన్ని. ఒంటరిగా బతకడం నాకు వచ్చనుకున్నాను, రాదు. గొంతు కూడా తెలియని మనిషి నా ఒంట్లో ఉందట. గోరుముద్దలు పెట్టిన మనిషిది ఒక్క కణం కూడా లేదట. సైన్సు మీద నాకు మొదటిసారి ఒళ్లు మండింది.

దసరా సెలవుల్లో అవుసులాయన దగ్గరికి పోయి, ఆడమనిషి బొమ్మతో వెండి బిళ్ల చేయమన్నాను. ఆయన జాలిగా చూశాడు.

"మీ సారుకు మొదలు ఒకామె ఉండెనా మేడం?"

"సారే లేడు."

"మరి ఎవరి పేరు మీద?"

"మా అమ్మ."

"తల్లికి కట్టుకోరు మేడం, సవతికే కడ్తరు."

"మీరైతే చేసియ్యుండ్రి."

ఇప్పుడు నా మెడ చూసి స్టాఫ్‌రూంలో గుసగుసలు. ఎవరికో రెండో పెళ్లాంగా పోయానని తేల్చేశారు. తేల్చుకోనీ.

మొన్న కొత్త చీర కొన్నాను. కట్టుకునే ముందు అంచు బిళ్లకు తాకించి, "అమ్మా, చూడు" అన్నాను. అమ్మ కాదు, చిన్నమ్మ అని దిద్దడానికి ఇంట్లో ఎవరూ లేరు.