పురుగులింటి వాకిట్లో నా కాపలా

మా ఇంట్లో ఇప్పుడు నా చేతులు వాసన చూడకుండా నన్ను పురుగుల గదిలోకి పోనివ్వడం లేదు. నవ్వకండి, కాఫీ చల్లారేలోగా సంగతి చెప్తాను.

మాది రేష్మి పురుగులు మేపే ఇల్లని మీకు తెలుసు కదా. యుద్ధం మొదలైనప్పటి నుంచి పారాచూట్లకని పట్టుకు ఒకటే గిరాకీ. ఈసారి మా నాయన పనుందని చింతామణికి పోతూ, మొట్టమొదటిసారి పంటంతా నా చేతిలో పెట్టాడు. పురుగులు నాలుగో జ్వరం లేచాయి, అంటే ఆఖరి పొర విడిచి, వేసిన మల్బరీ ఆకు వేసినట్టే నమిలేస్తున్నాయి. ఇంకొన్నాళ్ళు కాపాడితే గూళ్ళు కడతాయి, శిడ్లఘట్ట గూళ్ళ సంతకు బండి కట్టొచ్చు. చెడిందా, నాయన ఇక జన్మలో నన్ను నమ్మడు.

పురుగులకు పొగాకంటే యముడే. అది తాకిన చేత్తో ఆకు వేసినా చస్తాయి. అందుకని నేను వాకిట్లో నిలబడి ఇన్‌స్పెక్టర్ అయిపోయాను. ఎవరొచ్చినా చేతులు చాపాలి, నేను వాసన చూడాలి. నాయన తల్లి, మా అవ్వ, పొగాకు నమలకపోతే పూట గడవని మనిషి. ఆమె పొగాకు సంచీ లాక్కుని దిబ్బలో పారేశాను. "చేతులు కడుక్కోనే వస్తాండాను గదరా" అని మొత్తుకుంది. వింటేనా! డ్యూటీ అంటే డ్యూటీ. ఆమె అలిగి రెండు తట్టల పురుగులు తన వసారాలోకి ఎత్తుకుపోయి, పెరట్లో ఆకు కోసి తనే మేపుకోసాగింది.

ఇక నా తెలివి చూడండి. తోట నుంచి ఆకు తెచ్చేటప్పుడు వాడిపోకుండా గంప మీద తడి గోనెపట్ట కప్పుతారు. ఆ నీళ్ళు మెడ మీద కారుతుంటే నాకు ఒళ్ళుమంట. రైలుకట్ట పక్కన ఒక రకం చెట్టు గుంపులు గుంపులుగా మొలిచి ఉంది. నున్నటి బూడిదరంగు ఆకులు, గొట్టాల్లాంటి పసుపుపచ్చ పూలు. మేకలు కూడా దానికి మూతి పెట్టవు. ఎంగిలి పడని ఆకు, ఇంతకంటే శుభ్రమైనది ఇంకేముంటుంది అనుకుని, కొమ్మలు విరిచి గంప నిండా కప్పాను. అదే చేతులతో ఆకు తరిగి లోపలి తట్టలన్నిటికీ వేశాను.

తెల్లారి చూస్తే పురుగులు తలలెత్తి ఊపుతున్నాయి, పచ్చగా కక్కుతున్నాయి. తిన్నగా అవ్వ మీద పడ్డాను. ఇంకో పొట్లం దాచుకున్నావు, దొంగతనంగా లోపలికొచ్చావు అని ఊరంతా వినేట్టు అరిచాను. సరిగ్గా అప్పుడే నాయన చింతామణి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

అవ్వ గంప దగ్గరికి పోయి, కొమ్మకున్న పువ్వును తిప్పి చూసింది, ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మా పుట్టింట్లో పొగాకు చేనికి ఇట్లాంటి పువ్వే పూసేది. ఇది ఆ వంశమేరా. నేను కాపురానికొచ్చినప్పుడు ఈ సీమలో ఈ చెట్టే లేదు, రైలుకట్ట వేసినాక యాడనుంచో వచ్చి పడింది. నా కాడ చిటికెడుంటే పారేసినావు, నువ్వేమో చెట్టుకు చెట్టే మోసుకొచ్చినావు" అంది.

నాయన పార తెచ్చి నా చేతిలో పెట్టాడు. లోపలి తట్టలన్నీ తీసుకుపోయి గుంతలో పూడ్చాను. ఏడుపొచ్చింది. అవ్వ మేపిన ఆ రెండు తట్టలు మాత్రం నిక్షేపంగా గూళ్ళు కట్టాయి.

ఇప్పుడు మళ్ళీ కొత్త పురుగులు వచ్చాయి. నాయన వాకిలి కాపలా అవ్వకిచ్చాడు. నేనే కొనుక్కొచ్చిన పొగాకు బుగ్గన పెట్టుకుని ఆమె గుమ్మం బయట కూర్చుంటుంది. నిన్న నా రెండు చేతులూ పట్టుకుని వాసన చూసి, "పొగాకు కంపు కొడతాండాది, పోయి కడుక్కోని రా" అంది. ఆ కంపు ఆమె నోటిదే. ఆ మాట చెప్పే మొహం నాకేదీ? బావి దగ్గరికి పోయాను.