పంతులమ్మగారి ఉప్పుడుపిండి

ఇందుమూలంగా మా వీధి వీధంతటికీ తెలియజేయడమేమనగా: పంతులమ్మగారి ప్రహరీగోడ మీదుగా బయటికి వాలిన కరివేపాకు కొమ్మను ఇకమీదట ఎవరైనా, ఏ వేళప్పుడైనా, మొదలంటా విరుచుకుపోవచ్చును. ఆవిడ అరుగు మీద చెప్పులతో కూర్చోవచ్చును. కుళాయి దగ్గర బిందెల వరస తప్పించవచ్చును. మైకులో ఎంత తప్పుడు తెలుగైనా మాట్లాడవచ్చును. అడిగే మనిషి లేరు. శివరాత్రి వెళ్ళిన వారంలో, ఏలూరు ఆసుపత్రిలో, తెల్లవారుతుండగా ఆవిడ వెళ్ళిపోయారు.

ఈ ప్రకటన నేను మైకులో చెప్పలేదు. చెబుదామనే ఆటో తీశాను. వీధి మలుపు దాకా వెళ్ళి, మైకు నోటి దగ్గర పెట్టుకుని, అలాగే వెనక్కి వచ్చేశాను. రొయ్యల మేత దగ్గర్నుంచి చీరల తగ్గింపు దాకా ఏదైనా సరే ఊరంతా అదిరేట్టు అరిచి బతికేవాణ్ణి. ఆ పూట గాలి తప్ప ఏమీ రాలేదు. అందుకని రాస్తున్నాను. తప్పులు దిద్దేవారు లేరు కనక మీరే సర్దుకోవాలి.

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే దారిలో, కొల్లేటి అంచున ఉంది మా ఊరు. అక్కడి బడిలో ఆవిడ నాకు అయిదో తరగతి చెప్పారు. పుట్టిల్లు అత్తిలి, కాపురం ఏలూరు. రోజూ బస్సు దిగి చెరువు గట్టు మీద నడిచి వచ్చేవారు. పొద్దున్నే మంచులో ముందు గొడుగు కనపడేది. కాసేపటికి గొడుగు కింద తెల్లచీర. కాళ్ళు మాత్రం బడి గేటు దాకా కనపడేవి కావు. నీళ్ళ మీద తేలుతూ వస్తున్నారని మేము పందేలు కాసేవాళ్ళం.

ఆవిడ క్యారేజీకి రెండు గిన్నెలు. పై గిన్నెలోది తిని, కింది గిన్నె నా చేతికిచ్చేవారు.

"ఒరేయ్, ఇది నాకు పడదురా. ఆ గోడ వెనక్కి పోయి పారబోసి, కడిగి పట్రా."

గోడ వెనక్కి వెళ్ళి పారబోసేవాణ్ణి, నా నోట్లోకి. ఆ రోజుల్లో మా ఇంట్లో మధ్యాహ్నం పొయ్యి వెలిగించే అలవాటు ఉండేది కాదు. ఏడాది పొడుగునా పంతులమ్మను బోల్తా కొట్టిస్తున్నానని నాలో నేనే మురిసిపోయాను. పడని వంటని ఈవిడ రోజూ ఎందుకు మోసుకొస్తోందని ఒక్కనాడూ అనుమానం రాలేదు. ఇప్పుడు చెప్పండి, నన్ను పదో తరగతిలో తప్పించినవాళ్ళది తప్పంటారా?

పెళ్ళయ్యాక ఏలూరు చేరి, మైకు కట్టిన ఆటోతో జీవితం మొదలుపెట్టినప్పుడు, అద్దెకు దొరికిన ఇల్లు సరిగ్గా ఆవిడ పక్కిల్లే అయింది. అప్పటికి భర్త పోయి ఒక్కరే ఉంటున్నారు. పొద్దున్నే నేను మైకు సరిచూసుకుంటుంటే కిటికీ తెరుచుకునేది. ఒకసారి ఊరుకోలేక, "పంతులమ్మగారి కిటికీ వద్ద ఉదయం పూట తిట్లు ఉచితంగా పంచబడును" అని వీధంతా వినేట్టు చదివేశాను. ఆవిడ కిటికీలోంచి చూసి అన్నారు:

"పంచబడును ఏవిట్రా, ఎవరో పోయినట్టు! పంచేదాన్ని బతికే ఉన్నానుగా. పంచుతారు అను."

నా భార్య నవ్వు ఆపుకోలేక లోపలికి పరిగెత్తింది. తరవాత ఎన్ని ఊళ్ళు తిరిగినా "పంచబడును" అన్నప్పుడల్లా పక్కన కిటికీ తెరుచుకున్నట్టే ఉండేది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఉద్యోగం దిగిపోయిన ఏడు, వేసవి సెలవుల్లో, బీరువా తాళాలు అప్పగించడానికి ఆవిడ ఆ బడికే వెళ్ళారు. తిరిగొచ్చి అరుగు మీద కూర్చుని నాతో చెప్పారు. మిట్టమధ్యాహ్నం. బడికి తాళం. వరండాలో వరసగా పిల్లలు కూర్చుని ఉన్నారట, ఒళ్ళో కంచాలు పెట్టుకుని.

"ఎందుకొచ్చార్రా, సెలవులు కదా?" అని అడిగారట.

"ఊరికేనండి."

"మరి కంచాలెందుకే?"

ఒక పిల్ల మాత్రం తలొంచుకుని చెప్పిందట: "అన్నం టైమయిందని కాళ్ళే వచ్చేశాయండి."

బడి నడిచినన్నాళ్ళూ మధ్యాహ్న భోజనం ఉంటుంది. సెలవులిస్తే పొయ్యికీ సెలవే. పిల్లల అమ్మానాన్నలు చీకటితోనే రొయ్యల చెరువులకో, పెదవేగి వైపు పామాయిల్ గెలల కోతకో వెళ్ళిపోతారు. రాత్రి అన్నం మిగిలితే మిగిలినట్టు, లేకపోతే సాయంత్రం దాకా మంచినీళ్ళు. ఈ సంగతి నాకు తెలీనిది కాదు. తెలిసీ, పక్కవీధిలో చీరల తగ్గింపు చెప్పుకుంటూ తిరుగుతున్నాను.

"నీ మైకు ఎప్పుడైనా పనికొచ్చే మాట చెప్పిందా?" అన్నారు ఆవిడ.

"లేదండీ."

"రేపు చెబుతుంది. అన్నానికి బియ్యం కొలిచేటప్పుడు ఇంటికో గుప్పెడు పక్కకి తీసి డబ్బాలో వేసి ఉంచమను. ఆదివారం నువ్వొచ్చి తీసుకెళతావని చెప్పు."

"పేద పిల్లలకి దానం అని..."

"నోర్ముయ్. దానం అనకు, పేద అనకు. గుప్పెడు తీసి ఉంచండి అను, చాలు. ఎందుకని అడిగినవాళ్ళని నా దగ్గరికి పంపు."

మా వీధి మంచిదే. అర్చకులవారిల్లు, గుమాస్తాల ఇళ్ళు, పొలాలున్నవాళ్ళు, చివర ప్లీడరుగారి మేడ. అందరూ ఇచ్చారు. అన్నీ ఒకే గోతంలో పోసి, బడివాళ్ళు సరేనన్నాక అదే వరండాలో పొయ్యి పెట్టి, గుండిగ ఎక్కించాం. అక్కడే కొంప మునిగింది. ఒకరివి ఏడాది మాగిన సన్నబియ్యం, ఒకరివి నిన్న ఆడించిన కొత్తబియ్యం, ఇంకొకరివి రేషన్ బియ్యం. ఇంటింటికీ వంట వచ్చిన ఆడవాళ్ళం, మగవాళ్ళం అంతమంది ఉండి, ఇవన్నీ ఒక్కసారి ఉడకవన్న ముక్క ఒక్కరికీ తట్టలేదు. కొత్తవి గంజిలా కరిగిపోయాయి. పాతవి పంటి కింద రాళ్ళలా పలుకుతున్నాయి. పిల్లలు మాట్లాడకుండా తినేశారు. అలా మాట్లాడకుండా తినడమే చూడలేకపోయాం.

వీధిలోకి వచ్చాక రచ్చ మొదలైంది.

"మా పాతబియ్యాన్ని ఎవరివో ముక్కబియ్యంతో కలిపేశారండీ. అందుకే అలా తగలడింది" అన్నారు ప్లీడరుగారి భార్య. "ఇకనుంచి మావి విడిగా వండించండి."

"అయితే మా బియ్యం ఏం పాపం చేశాయండీ?" అన్నారు అర్చకులవారి కోడలు.

రెండు రోజుల్లో ఎవరి గుండిగ వారికి కావలసి వచ్చింది. ఇంకో రోజయితే ఎవరి పిల్లల్ని వారు పంచుకునేవారు. పంతులమ్మగారు గోతాన్ని నా ఆటోలో వేయించి పిండిమరకు తీసుకెళ్ళి, మొత్తం నూక పట్టించారు. ఆ నూక ఒక గుప్పెడు తీసుకెళ్ళి ప్లీడరుగారి భార్య అరచేతిలో పోశారు.

"ఇందులో మీ బియ్యం ఏవో తీసిపెట్టండమ్మా. విడిగా వండిస్తాను."

ఆవిడ అరచేతిలోకి చూసుకుని, చూసుకుని, చివరికి నవ్వేశారు. ఆ రోజు నుంచి మా వంట ఉప్పుడుపిండి. ఆవాలు, మినప్పప్పు, అల్లం, పచ్చిమిర్చి తాలింపు, గుప్పెడు పెసరపప్పు, ఎసరు మరిగాక నూక. పంతులమ్మగారి తమ్ముడుగారికి తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల వ్యాపారం. మూటలు ఆయన పంపేవారు. "వాడి ఉల్లిపాయలూ వాడి మాటలూ ఒక్కటేరా, రెండూ కళ్ళనీళ్ళు పెట్టిస్తాయి. ఉల్లిపాయలు మాత్రం తీసుకో" అనేవారు ఆవిడ.

పిల్లలకు ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. వట్టి చేతులతో రాకూడదు. చింతచిగురో, మునగాకో, ఎండుపుల్లో, ఏదో ఒకటి పొయ్యి దగ్గర పెట్టి కంచం తీసుకోవాలి. "ఇక్కడ ఊరికే తినేవాళ్ళెవరూ లేరు" అని గట్టిగా అనేవారు, పెద్దవాళ్ళక్కూడా వినపడేట్టు. ఒకరోజు ఒక చిన్నపిల్ల ఏమీ దొరక్క గట్టు మీద రాలిన గూడబాతు ఈక తెచ్చి నిలబడింది. మేము నవ్వబోయాం. పంతులమ్మగారు దాన్ని రెండు చేతులా అందుకుని, పొయ్యి గట్టు మీది నూకను దాంతో ఊడ్చి గుండిగలో పోశారు. "చూశావుటే, ఇది లేకపోతే ఇంత నూకా నేలపాలయ్యేది" అన్నారు. ఆ పిల్ల ఆ పూట మారు అడిగి వేయించుకుంది.

ఆవిడ కూర్చునేది బోర్లించిన బకెట్టు మీద. చివరి కంచం నిండేదాకా తినేవారు కాదు. "అడుగంటిన చెక్క నాది" అని ముందే చెప్పేవారు, మిగిలినదంతా పిల్లలకు వెళ్ళాలని. పిల్లలకు ఆ చెక్క మీదే మోజు పుట్టింది. దానితో ఆవిడకు అదీ దక్కకుండా పోయింది. "పోన్లే, పెట్టినవాళ్ళ మొహం వీళ్ళకి గుర్తుండక్కర్లేదు. రుచి గుర్తుంటే చాలు" అనేవారు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పుడు తలుచుకుంటే నిజంగా జరిగాయా అనిపిస్తుంది. ఎండ నీళ్ళలో పడి గోడల మీద కదిలేది. గట్టు చివర గాలి మరుగుతున్నట్టు ఊగేది. ఆ ఊగే గాలిలోంచి ముందొక తల, తరవాతొక చెయ్యి, చేతిలో ఆకుపచ్చగా ఏదో, అలా పిల్లలు ఒక్కొక్కరే ఊడిపడేవారు. తిని, వరండా చల్లటి గచ్చు మీద అడ్డదిడ్డంగా నిద్రపోయేవారు. దూరాన పక్షుల అరుపులు, దగ్గర్లో పిల్లల ఊపిరి. ఆవిడ విసనకర్రతో ఎవరికి విసురుతున్నారో తెలిసేది కాదు. అందరికీ తగిలేది.

పెద్దకర్మ రోజున భోజనాలయ్యాక మాట వచ్చింది.

"అక్కయ్యతోనే అది సరండీ" అన్నారు తమ్ముడుగారు. "ఎవరి పనులు వాళ్ళకున్నాయి. ఇంక ఆపేద్దాం."

"ఆవిడ మొహం చూసి ఇచ్చాం ఇన్నాళ్ళూ" అన్నారు ప్లీడరుగారి భార్య. "ఇప్పుడు ఎవరి మొహం చూసి ఇస్తామండీ?" అని నా మొహం వైపు చూశారు. నా మొహం చూస్తే ఎవరైనా చీపురు తీస్తారు గానీ బియ్యం తీయరు. అది నాకూ తెలుసు.

ఎవరూ కాదనలేదు. వేసవి ఎంతో దూరంలో లేదు. మనం ఆపేశామన్న సంగతి పిల్లల కాళ్ళకు ఎవరు చెబుతారు? అప్పుడు నేను లేచి, ఆవిడ పోయే ముందు సాయంత్రం ఆసుపత్రిలో నాతో అన్న మాటలు చెప్పాను. నేను కాఫీ పట్టుకెళ్ళాను. దగ్గరికి రమ్మని సైగ చేసి, సన్నగా, ఆగి ఆగి అన్నారు:

"ఈ వేసవి నుంచి నా గుప్పెడు తమ్ముడింట్లో తియ్యమను. గరిటె ప్లీడరుగారి భార్యకివ్వు. ఉప్పు ఎక్కువేస్తుంది. ఫర్వాలేదు, పిల్లలు చెబుతారు. ఆపితే మాత్రం నేనూరుకోను."



"నా పేరే చెప్పారా?" అన్నారు ప్లీడరుగారి భార్య.

"గరిటె అనగానే మీ పేరేనండీ."

"మా అక్కయ్యంతే" అన్నారు తమ్ముడుగారు కండువా కళ్ళకద్దుకుంటూ. "పోతూ పోతూ కూడా పని పురమాయించి పోయింది."

ఇప్పుడు సెలవులొచ్చాయి, బడి వరండాలో పొయ్యి వెలుగుతోంది. తమ్ముడుగారు తాడేపల్లిగూడెం నుంచి మూటతో పాటు తనే దిగి, గచ్చు మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. కళ్ళనీళ్ళకు కారణం ఎవరూ అడగక్కర్లేని పని వెతుక్కున్నారు. ప్లీడరుగారి భార్య గరిటె ఎవరికీ ఇవ్వరు. నిన్న ఒక బుడతడు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పెక్కువయిందండీ" అన్నాడు.

"చెబుతారనే అన్నార్రా ఆవిడ!" అని ప్లీడరుగారి భార్య పట్టలేని సంతోషంతో వాడికి ఇంకో గరిటె వేశారు.

ఇక ఇక్కడితో ఆపాలి. ఆపే ముందు, వీధి వీధంతా చదువుతారు కనక, ఒక మాట చెప్పేస్తాను. ఆ సాయంత్రం పంతులమ్మగారు నాతో ఏమీ అనలేదండీ. తమ్ముడి మాట ఎత్తలేదు, గరిటె ఊసు లేదు. నేను వెళ్ళేసరికే గాఢంగా నిద్రపోతున్నారు. లేపబుద్ధి కాలేదు. కిటికీ అవతల కొంగల బారు కొల్లేటి వైపు పోతుంటే చూస్తూ కూర్చున్నాను. కాఫీ చల్లారిపోతే నేనే తాగేసి వచ్చేశాను. మిగతాదంతా పెద్దకర్మ విస్తరి ముందు కూర్చుని నేను అల్లినదే, ఆ ఉప్పుతో సహా.

గరిటె కింద పెట్టేయాలనిపిస్తే పెట్టేయండి, ప్లీడరుగారి భార్యగారూ, మిమ్మల్ని ఎవరూ తప్పుపట్టరు. కాకపోతే రేపు కాస్త పెందలాడే పెట్టేయండి. పొద్దెక్కి, గట్టు చివర ఆ కంచాలు ఎండకు ఒక్కొక్కటే తళుక్కుమనడం మొదలయ్యాక మీ వల్ల కాదు.