పొదిగిన గుడ్లు

జంపక్క పుట్టిన గూడెంలో గుడ్డంటే కూర కాదు, కోడి. పెట్టిన ప్రతి గుడ్డూ పెట్ట కిందికే పోయేది. బాలింతకు ఒకటి ఉడకేస్తే అదే గొప్ప. భద్రాచలం అవతల ఆశ్రమ పాఠశాలలో పదేళ్లు వంట చేసినా, ఆమె కన్ను మాత్రం పొదిగిన గుడ్డును మరిచిపోలేదు.

ఆ జూలైలో వచ్చిన ట్రేల్లో గుడ్లు నున్నగా మెరిశాయి. పెట్ట కింద వారం మాగితేనే గుడ్డు అట్లా మెరుస్తుంది.

"సారూ, ఇవి పొదిగిన గుడ్లు" అంది వార్డెన్‌తో.

"గవర్నమెంటు గుడ్లు గట్లనే ఉంటయ్. ఉడకెయ్."

ఉడకేసింది. ఆ తప్పు ఆమెను ఇప్పటికీ తింటూనే ఉంది. ముప్పై మంది పిల్లలు వాంతులతో దవాఖానాలో పడ్డారు.

గుడ్లు సప్లై చేసే వెంకటనారాయణ కారు దిగి తీర్పు చెప్పేశాడు: "అడవి మనుషులకు వంటేం తెలుస్తుందండీ? సగం ఉడికించి పెట్టుంటుంది." అంతే, జంపక్కను పనిలోంచి తీసేశారు. కోడిపిల్లల్ని పొదిగించే హేచరీలో పిల్ల కాక పారేసే గుడ్లను గిరిజన పిల్లల కంచాల్లో వేసినవాడు పెద్దమనిషి, కాదని మొత్తుకున్న కోయ ఆడది దోషి!

జంపక్క ఏడవలేదు. కాచుకుంది. తనిఖీకి గిరిజన సంక్షేమ అధికారి ప్రమీలారాణి మేడం వచ్చిన రోజే వెంకటనారాయణ కొత్త సరుకు దింపించాడు. పిల్లల తల్లుల్ని వెంటేసుకుని జంపక్క గేటు దాటింది. మెరిసే గుడ్లు ఏరి, మేడం కళ్లెదుటే ఉడకేసి, ఒలిచి, విస్తరాకులో వెంకటనారాయణ ముందుకు నెట్టింది.

"తిను సారూ."

"ఇవాళ శనివారం. నేను ముట్టను."

"పోరగాళ్లకు లేదా శనివారం?" తల్లులు పకపకా నవ్వారు. "నా ఇంటివి కావు, నీ సరుకే. ఉప్పు గావాల్నా?"

"తప్పు వంటదేనన్నారుగా, తినండి" అంది మేడం.

కొరికాడు. పచ్చసొన చుట్టూ నెత్తుటి చార. నోట్లోదంతా వరండాలోనే కక్కేశాడు.

మేడం ట్రేలకు సీలు వేయించి, కాంట్రాక్టు ఆపమని రాసింది. "సోమవారం నుంచి పనిలోకి రా, జంపక్కా."

"వస్త మేడం. గాని ముందు గిది కడగాలె. ఆయనే కడగాలె."

వార్డెన్ చీపురు అందుకోబోయాడు. తల్లులు అడ్డం నిలబడ్డారు. మేడం సీలు వేసిన ట్రేలు లెక్కపెట్టుకుంటూ పక్కకు తిరిగింది. చివరికి ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి వెంకటనారాయణ వంగాడు. జంపక్క చెంబుతో నీళ్లు పోసింది.

"ఆ మూలకు ఇంకా ఉంది సారూ. జల్దీ."