పొద్దున పెట్టిన గుడ్లతో పటమటలో డెమో

పెళ్లయిన మరుసటి వేసవిలో విజయవాడలోని ఒక గృహోపకరణాల షోరూమువాళ్లు నాకు హోమ్ డెమాన్‌స్ట్రేటర్‌గా పోస్టింగ్ ఇచ్చారు. ఆరు నెలలు ప్రొబేషన్. కొత్తగా వచ్చిన ప్రతి వస్తువునూ అపార్ట్‌మెంట్లకు తీసుకెళ్లి, ఆడవాళ్ల ముందు వాడి చూపించడం నా పని. హోదాలో సేల్స్‌మన్ కంటే ఒక మెట్టు పైన, ఏసీ మెకానిక్ కంటే చాలా మెట్లు కింద. మెకానిక్ కోసమైతే కస్టమర్లు ఎదురుచూస్తారు. పాప పుట్టాక ఆ ఉద్యోగం మానేశాను. కాబట్టి ముప్పై దాటగానే రిటైరైనదాన్నని చెప్పుకోవచ్చు.

ప్రొబేషన్ చివరి వారంలో షోరూముకు ఎగ్ బాయిలర్ వచ్చింది. గిన్నె, నీళ్లు, స్టవ్వు కలిసి చేసే పనిని కరెంటుతో చేయించడం దాని ప్రత్యేకత. కొలత గ్లాసు అడుగున ఒక సూది ఉంటుంది. దాంతో గుడ్డు వెడల్పు కొసన చిల్లు పెట్టి, ఆవిరికి ఉడకనివ్వాలి. అయిపోగానే కూత పెడుతుంది. పటమటలోని ఒక అపార్ట్‌మెంట్ మీటింగు హాల్లో డెమో ఏర్పాటు చేశారు. చూడటానికి రీజినల్ మేనేజర్ వస్తున్నారు. ఆయన సంతకం పెడితే నేను పర్మినెంటు, లేకపోతే ఇంటికి. మా ఆయన అప్పుడు పాత ఉద్యోగం వదిలి కొత్తది వెతుక్కుంటున్నారు. ఇంట్లో జీతం నాదొక్కటే.

మా బ్రాంచి మేనేజర్ వెంకటేశ్వర్లు గారు తన ఇంట్లో మంచినీళ్లు కూడా అడిగి తాగే మనిషి. అయినా గుడ్ల బాధ్యత ఆయనే తీసుకున్నారు. ఉయ్యూరులో ఉన్న ఆయన వియ్యంకుడు చెరకు తోట పక్కనే నాటుకోళ్లు పెంచుతారు.

"సార్, ఇవాళ్టి గుడ్లయితే పెంకు ఊడి రాదండి. వారం నాటివి తెప్పించండి" అన్నాను.

"పాత గుడ్లు పెట్టి నా పరువు తీస్తావా అమ్మా? మా బావగారి కోళ్లు పొద్దున పెట్టినవి. కార్లో ఏసీ వేసి మరీ పంపిస్తున్నారు" అన్నారు.

నేను చదివింది హోమ్ సైన్స్. కొత్త గుడ్డులో తెల్లసొన పెంకు కింది పొరను గట్టిగా పట్టుకుని ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ పట్టు సడలుతుంది, వెడల్పు కొసన గాలి అర పెరుగుతుంది. అప్పుడే పెంకు సులువుగా వస్తుంది. ఇదంతా చెప్పబోతే ఆయన ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టారు.

డెమోలో మిషన్ వేళకు కూసింది. గుడ్లు చన్నీళ్లలో వేసి ఒలవబోయాను. పెంకుతో పాటు సగం తెల్లసొన ఊడొచ్చింది. రెండోదీ అంతే. మూడోదానికి పచ్చసొన బయటపడింది.

"అదేంటమ్మాయ్, ఉడత కొరికిన జామకాయలా ఉంది!" అని ముందు వరుసలోంచి ఒకావిడ అంది. హాలంతా నవ్వింది. రీజినల్ మేనేజర్ నవ్వలేదు, వాచీ చూసుకున్నారు.

నాకు ఒక్కటే దారి కనిపించింది. "మీలో ఎవరింట్లోనైనా వారం దాటిన గుడ్లున్నాయాండీ?" అని అడిగాను.

"మాకు ఏ రోజుకారోజేనండి" అని ఒకరు, "మా ఇంట్లో నిన్నటివి కూడా ఉండవు" అని ఇంకొకరు. అంత పెద్ద అపార్ట్‌మెంట్‌లో, అన్ని ఫ్రిజ్‌లలో, ఒక్క పాత గుడ్డు లేదట. చివరికి రాజ్యలక్ష్మి గారని, రిటైరైన హెడ్మాస్టరమ్మ లేచారు. "మా ఇంట్లో పది రోజులవి ఉన్నాయి. మా ఆయనకి డాక్టరు వద్దన్నాడు. దాచుకోడానికి అవేమైనా దొంగ బంగారమా?" అని వెళ్లి తెచ్చారు.

ఈసారి పెంకు నిండు తొడుగులా ఊడొచ్చింది. గుడ్లు నున్నగా మెరిశాయి.

"మొదట అమ్మాయికి టెన్షన్ సార్, చెయ్యి వణికింది. ఇప్పుడు కుదురుకుంది" అని వెంకటేశ్వర్లు గారు పై అధికారికి విన్నవించారు.

"వణకలేదండి. కావాలంటే మీరే చూడండి" అని రీజినల్ మేనేజర్ చేతిలో ఉయ్యూరు గుడ్డొకటి, హెడ్మాస్టరమ్మ గుడ్డొకటి పెట్టాను. ఆయన అందరి ముందూ ఒలిచారు. మొదటిది వేళ్ల మధ్య ముక్కలైంది, రెండోది చక్కగా వచ్చింది. ఆయన చేతిరుమాలుతో చేతులు తుడుచుకుని, నా కాగితం మీద సంతకం పెట్టారు.

తర్వాతి నెల బాయిలర్‌తో ఇచ్చే కరపత్రం అచ్చై వచ్చింది. "మంచి ఫలితం కోసం తాజా గుడ్లే వాడండి" అని ఉంది. రీజినల్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. "నువ్వు చెప్పింది నిజమేనమ్మా. కానీ పాత గుడ్లు వాడమని కంపెనీ ఎలా అచ్చేస్తుంది?" అన్నారు. ఉద్యోగం మానేసేదాకా ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి, నేను వెళ్తూనే ఉన్నాను. మిషన్ బాగాలేదనేవారు. గుడ్లు ఎప్పటివని అడిగితే, ఇవాళ్టివేనని గర్వంగా చెప్పేవారు.

ఇంట్లో నాకు ఆ మిషన్ లేదు. నీళ్లు తెర్లాక వారం నాటి గుడ్లను గరిటెతో దించి, మంట తగ్గించి, పదిపన్నెండు నిమిషాలు ఉంచుతాను. అంతకు మించితే పచ్చసొన చుట్టూ బూడిదరంగు వలయం వస్తుంది. తగ్గితే లోపల పచ్చిగా ఉంటుంది, పాపకు అది పనికిరాదు. వెంటనే చన్నీళ్లలో వేసి, వెడల్పు కొస నుంచి ఒలుస్తాను. ఉడికించే ముందు నీళ్లలో తేలిన గుడ్డును పారేస్తాను. మునిగినదాన్ని కూడా ఒకటికి రెండుసార్లు చూస్తాను.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇది: గుడ్డు ఉడికించడం ఎవరికైనా నేర్పవచ్చు. అది ఎప్పటిదో మాత్రం నలుగురి ముందు అడగకూడదు. చల్లపల్లి నుంచి మా అత్తగారు మనవరాలి కోసం పొద్దున పెట్టిన గుడ్లు పంపిస్తారు. వాటిని ఫ్రిజ్‌లో వెనక వరసలో పెట్టి, ముందు వరస తీస్తాను. ఆవిడ స్పీకర్ ఫోన్‌లో, పక్కన చుట్టాలందరూ వింటుండగా, "పాపకి ఇవాళ్టి గుడ్డే పెట్టావా అమ్మా?" అని అడుగుతారు.

"ఇవాళ్టిదే అత్తయ్యా" అంటాను.